ఎందుకక్క, బూడిద దళం

మా ఎందుకక్కకి ఒకటే జబ్బు. ఎదుటివాడు తుపాకీ ఎక్కుపెట్టి నిలబడ్డా సరే, వాడికి తన మీద కోపం ఎందుకొచ్చిందో తెలుసుకోనిదే ఆవిడ చెయ్యెత్తదు. మామూలు మనుషుల మధ్య అయితే ఇది మంచి గుణమని సరిపెట్టుకోవచ్చు. కానీ ఆవిడ ఉద్యోగమే వీడియో గేముల్లో శత్రువుల్ని కాల్చి చూడటం.

మాది గేములు తయారుచేసే చిన్న కంపెనీ. మూడో అంతస్తులో నాలుగు గదులు, ఒక టీ మిషను, ఇరవై ఇద్దరు మనుషులు. నేను కథ రాస్తాను. బొమ్మల గదిలో ఏడుగురు గ్రహాలూ కోటలూ గీస్తారు. కోడ్ రాసేవాళ్ళు వాటిని కదిలిస్తారు. అంతా అయ్యాక పరీక్షించేవాళ్ళు ఆడి చూసి, ఎక్కడ ఏం చెడిందో కంప్యూటర్లో ఫిర్యాదు రాస్తారు. ఎందుకక్క ఈ పరీక్షించేవాళ్ళలో మనిషి. వయసు యాభై రెండు. అంతకుముందు ఇరవై ఆరేళ్ళు ఒక పెద్ద దుకాణంలో, కొన్న సరుకు వాపసు తెచ్చేవాళ్ళ కౌంటర్లో కూర్చుంది. ఆ దుకాణం మూతపడ్డాక మా బాస్ ఆవిడని చేర్చుకున్నాడు. "పుట్టి బుద్ధెరిగి గేము ఆడని మనిషి ఒకరు కావాలి. అలాంటివాళ్ళకే తప్పులు కనిపిస్తాయి" అన్నాడు. కనిపించాయి. ముఖ్యంగా నావి.

అప్పుడు మేం తయారుచేస్తున్న గేము పేరు 'ఏడో చంద్రుడు'. గాలిలేని చంద్రుడి మీద గాజు గుమ్మటం కింద ఒక నగరం. దాన్ని కాపాడే కెప్టెన్‌గా ఆటగాడు ఆడతాడు. నగరం మీద తిరగబడ్డ ముఠా పేరు బూడిద దళం. వాళ్ళు గోడల చాటు నుంచి వస్తారు, కెప్టెన్ కాలుస్తాడు, చస్తారు. తరవాతి గోడ చాటు నుంచి ఇంకొంతమంది వస్తారు. రాసినప్పుడు నాకు మహా గొప్పగా అనిపించింది.

మొదటి ఘట్టాన్ని మిగతా పరీక్షకులు తొమ్మిది నిమిషాల్లో ముగించారు. ఎందుకక్క పొద్దున పదింటికి కూర్చుంది. మధ్యాహ్నం రెండింటికి నేను వెళ్ళి చూస్తే ఇంకా మొదటి తలుపు దగ్గరే ఉంది. తెర మీద కెప్టెన్ తుపాకీ దించుకుని, చుట్టపుచూపుగా వెళ్తున్నవాడిలా బూడిద దళం సైనికుడి ముందుకు నడిచాడు. సైనికుడు కాల్చాడు. కెప్టెన్ చచ్చాడు. అక్క మీట నొక్కింది. కెప్టెన్ లేచి మళ్ళీ నడిచాడు.

"అక్కా, ఏం చేస్తున్నావ్?"

"పలకరిస్తున్నా."

"ఎవర్ని?"

"ఇదిగో, ఈ బాబుని. అరవై ఒక్కసార్లు వెళ్ళా. నోరు విప్పకుండా కాల్చేస్తున్నాడు. పెంపకం బాగాలేదు."

"వాడు శత్రువక్కా! నువ్వు కాల్చాలి!"

"కాలుస్తాను. ఎందుకు?"

"ఎందుకేమిటి, తిరగబడ్డాడు కదా!"

"అదే. ఎందుకు?"

సాయంత్రానికి ఆవిడ ఫిర్యాదు నా కంప్యూటర్లో వచ్చి కూర్చుంది. 'తప్పు: శత్రువు తిరగబడుతున్నాడు, కారణం కనబడలేదు. తీవ్రత: అత్యవసరం. ఈ తప్పు ఎక్కడ చూడవచ్చు: ఆట ఎక్కణ్నుంచి మొదలుపెట్టినా చూడవచ్చు.'

"ఇది తప్పు కాదు" అని రాసి మూసేశాను. మర్నాడు పొద్దున చూస్తే మళ్ళీ తెరిచి ఉంది. మూశాను. తెరిచింది. ఇలా పద్నాలుగుసార్లు జరిగాక కోడ్ గది పెద్ద మా దగ్గరికి వచ్చాడు. ఆయన ఏ మాటా పూర్తిచేయడు కాబట్టి అందరం ఆయన్ని సెమికోలన్ అంటాం. "మీరిద్దరూ ఇలా తలుపులు వేసి తీసి ఆడుకుంటే అక్కడ సర్వరు..." అని ఆగి, తల ఊపి వెళ్ళిపోయాడు. సర్వరుకి ఏమవుతుందో ఇప్పటికీ నాకు తెలీదు.

ఆవిడ జబ్బు ఆఫీసుతో ఆగేది కాదు. ఒకసారి ఇద్దరం బస్సు కోసం వరసలో నిలబడ్డాం. ఒక లావుపాటి ఆయన అందర్నీ తోసుకుంటూ ముందుకొచ్చాడు. జనం గయ్యిమన్నారు. నేనూ నాలుగు కేకలేశాను. ఎందుకక్క మాత్రం ఆయన మోచెయ్యి పట్టుకుని, "ఏం నాయనా, ఎందుకంత తొందర?" అంది. అంతే, ఆయన గట్టు తెగినట్టు మొదలుపెట్టాడు. కొత్త మేనేజరు వచ్చాడట. రోజూ గుమ్మంలో గడియారం పట్టుకుని నిలబడతాడట. నిన్న నాలుగు నిమిషాలు ఆలస్యమైతే, నలభై అయిదేళ్ళవాణ్ని బడిపిల్లాడిలా అందరి ముందూ నిలబెట్టాడట. అప్పటిదాకా తిట్టినవాళ్ళు ఒక్కొక్కరే దగ్గరికి జరిగారు. "మా దగ్గరా అంతేనండీ" అని ఒకామె అందుకుంది. ఈ సందడిలో బస్సు వచ్చింది, ఆగింది, వెళ్ళిపోయింది. ఒక్కరూ ఎక్కలేదు.

"నీ వల్ల బస్సు పోయిందక్కా!"

"పోతే పోనీ. వరస ఎంత బాగా కుదిరిందో చూడు."

నిజమే. తరవాతి బస్సుకి ఆ లావుపాటి ఆయన అందరికన్నా వెనక నిలబడి, "ముందు మీరెక్కండి, పర్లేదు మీరెక్కండి" అంటున్నాడు.

ఆఖరికి టీ మిషను టీ ఇవ్వకపోయినా అంతే. మేమైతే దాన్ని గుద్దుతాం. ఆవిడ వంగి, "ఏమైంది తల్లీ?" అని అడిగి, వెనక్కి వెళ్ళి చూస్తుంది. ప్లగ్గు ఊడి ఉంటుంది.

ఇక మధ్యాహ్నం భోజనాల బల్ల దగ్గర నా పరిస్థితి చెప్పనక్కర్లేదు. డబ్బా మూత తీసేలోపే విచారణ మొదలయ్యేది.

"మీ బూడిద దళానికి ఏం కావాలి?"

"అధికారం కావాలక్కా."

"దాంతో ఏం చేసుకుంటారు?"

"చంద్రుణ్ని ఏలుతారు."

"దాని మీద గాలి లేదని నువ్వే రాశావు. గాలిలేని రాళ్ళని ఏలి ఏం చేసుకుంటారు?"

"వాళ్ళు దుర్మార్గులక్కా, వాళ్ళకలాంటి లెక్కలుండవు!"

"పోనీ, దుర్మార్గులు పొద్దున ఎన్నింటికి లేస్తారు?"

"ఏమిటీ?"

"లేచి ఏం చేస్తారు? బొమ్మల గదిలో కూర్చుని వాళ్ళ కోటంతా చూసొచ్చా. మూడొందల మంది ఉన్నారు, ఒక్క మరుగుదొడ్డి లేదు. నన్నడిగితే తిరగబడటానికి అదొక్కటి చాలు."

బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు పొలమారేలా నవ్వారు. నేను డబ్బా మూసేసి లేచిపోయాను. అసలు కోపం ఆవిడ మీద కాదు. ఆవిడ అడిగినదానికి నా దగ్గర జవాబు లేదు. అది ఒప్పుకోవడానికి నామోషీ.

అలా ఉండగా మొదటి ప్రదర్శన వచ్చింది. నలభై మంది ఆటగాళ్ళని పిలిచి ఆడించాం. మా గేముని బజారులోకి తీసుకెళ్ళాల్సిన పంపిణీ సంస్థ తరఫున ఒక ఆవిడ వచ్చి, వెనక నిలబడి చూసింది. గంట తిరిగేసరికి ముప్ఫై ఒక్కమంది లేచి వెళ్ళిపోయారు. ఒక పళ్ళ డాక్టరు మాత్రం చివరిదాకా ఉన్నాడు. ఎంత ఆసక్తో అని దగ్గరికెళ్ళి చూస్తే నిద్రపోతున్నాడు. తెర మీద కెప్టెన్ ఒక్కడే నిలబడి గోడకేసి కాలుస్తున్నాడు, డాక్టరుగారి బొటనవేలు మీట మీద ఉండిపోవడం వల్ల.

పంపిణీ ఆవిడ మర్యాదగానే చెప్పింది. "ఆరు వారాల తరవాత మళ్ళీ వస్తాను. అప్పుడూ ఇలాగే ఉంటే ఇక మా వల్ల కాదండీ."

ఆమె వల్ల కాకపోతే మా కంపెనీ వల్ల కూడా కాదు. మా మొదటి గేము అప్పటికే బోల్తాపడింది. ఇది రెండోది. మూడోది ఉండదని గదిలో అందరికీ తెలుసు.

ఆ మర్నాటి నుంచి ఎందుకక్క భోజనం దాకా ఆగడం మానేసింది. సరిగ్గా పదకొండింటికి కుర్చీ ఈడ్చుకుంటూ వచ్చి నా బల్ల పక్కన వేసుకునేది. "చెప్పు. మొట్టమొదట తిరగబడినవాడెవడు? ఆ ముందురోజు వాడికేం జరిగింది?" అని మొదలుపెట్టేది. నేను ఏదో ఒకటి చెప్పేవాణ్ని. ఆవిడ విని, "ఊహూఁ. దీనికి ఎవడూ ఇల్లు వదిలి రాడు" అని కుర్చీ ఈడ్చుకుంటూ వెళ్ళిపోయేది. ఆ కుర్చీ కాళ్ళ చప్పుడు వింటే చాలు, నేను తెర వెనక తల దాచుకునేవాణ్ని.

బాస్‌కి ఇంకో ఆలోచన వచ్చింది. "తుపాకులు పెద్దవి చెయ్యండి" అన్నాడు. తుపాకులు పెద్దవైతే ఆట బరువెక్కి నడవడం మానేసింది. మళ్ళీ తేలికపడాలంటే ఏదో ఒకటి తీసేయాలి. ఆయన తీసేశాడు.

సోమవారం పొద్దున వచ్చేసరికి బొమ్మల గది తలుపు లోపల గడియపెట్టి ఉంది. తలుపు మీద 'పని ఆపాం' అని కాయితం. బాస్ బయట అటూ ఇటూ పచార్లు చేస్తున్నాడు.

"నాకు తెలుసు! పొద్దున్నే రావడం కష్టంగా ఉంది, అంతేగా? పదకొండింటికి రండి!"

లోపల్నుంచి చప్పుడు లేదు.

"శనివారాలు సెలవు!"

చప్పుడు లేదు.

"కొత్త కుర్చీలు! చక్రాలవి!"

"ఆ చక్రాలు నీ నెత్తిన..." అని లోపల ఎవరో అందుకోబోతే, మిగతావాళ్ళు వాడి నోరు మూసిన చప్పుడు వినిపించింది.

బాస్ మా వైపు తిరిగాడు. "చూశారా? ద్రోహులు! కంపెనీ మునుగుతున్నప్పుడు వెన్నుపోటు! వీళ్ళు నాశనం కోరుకుంటున్నారు!"

ఆ మాట ఎక్కడో విన్నట్టుంది. ఒక్క క్షణం ఆలోచిస్తే తెలిసింది. అది నేను రాసిందే. ఏడో చంద్రుడి నగరాధిపతి బూడిద దళం గురించి అనే మాట, అక్షరం పొల్లుపోలేదు.

ఎందుకక్క ముందుకొచ్చింది. "బాబూ, వాళ్ళకేం కావాలో నువ్వు అడిగావా, చెప్పావా?"

"అదేమిటక్కగారూ..."

"నువ్వు చెప్పావు. పక్కకి జరుగు." తలుపు మీద వేలితో కొట్టింది. "అమ్మాయ్, నేను. చేతిలో ఏమీ లేదు. ఎవరి తరఫునా రాలేదు. ఊరికే కూర్చుంటాను."

గడియ తీశారు. టీ కప్పుల పళ్ళెం పట్టుకుని నేనూ ఆవిడ వెనకే దూరాను.

లోపల ఏడుగురూ నల్లటి తెరల ముందు చేతులు కట్టుకు కూర్చున్నారు. అక్క ఏమీ అడగలేదు. కూర్చుని టీ తాగింది. సగం కప్పు అయ్యాక, "ఎందుకమ్మా?" అంది, అంత మెల్లగా ఆవిడ మాట్లాడటం నేను వినడం అదే మొదటిసారి.

బొమ్మల గది పెద్ద నలభై దాటిన మనిషి, ఎప్పుడూ గట్టిగా మాట్లాడి ఎరగదు. "తోట పోయిందక్కా" అంది.

గుమ్మటం అంచున ఒక తోట ఉండేది. చంద్రుడి మీద ఒకే ఒక్క పచ్చటి చోటు. కథలో దానికి పనేమీ లేదు. కెప్టెన్ దాని పక్కనుంచి పరిగెత్తుతాడు, అంతే. కానీ ఎనిమిది నెలలు ఆ ఏడుగురూ దాన్ని ఆకు ఆకుగా గీశారు. నాలుగొందల పన్నెండు మొక్కలు, దేనికది వేరు. ఆదివారం ఆఫీసులో ఎవరూ లేనప్పుడు బాస్ వచ్చి, ఒక్క మీట నొక్కి మొత్తం చెరిపేశాడు.

"వెనక్కి తెమ్మంటున్నారా?" అడిగింది అక్క.

"లేదక్కా. బరువైందని మాకూ తెలుసు. తీసేయమంటే మేమే తీసేవాళ్ళం. ఒక్క మాట చెప్పాల్సింది. చివరిసారి ఒకసారి అంతా తిరిగి చూసుకునేవాళ్ళం కదా."

నేను పళ్ళెం బల్ల మీద పెట్టేశాను.

అక్క లేచి బయటికి వచ్చింది. బాస్ తలుపుకి చెవి ఆనించి ఉన్నాడు. తలుపు తెరుచుకునేసరికి బొక్కబోర్లా పడబోయి నిలదొక్కుకున్నాడు. ఆయన మొహం చూస్తే అంతా విన్నాడని తెలుస్తోంది.

"నువ్వెందుకు చెప్పలేదు బాబూ?"

"మొహం చెల్లలేదక్కగారూ" అన్నాడాయన. "ఎనిమిది నెలల పని. వాళ్ళ కళ్ళలోకి చూసి ఎలా చెప్పను? అందుకే ఆదివారం వచ్చాను, దొంగలాగా. చెరిపేసి ఇంటికెళ్ళి అన్నం కూడా తినలేదు."

"ఇది నాకు కాదు, లోపలికెళ్ళి చెప్పు."

వెళ్ళాడు. పావుగంట తరవాత గదిలోంచి మొదట తిట్లు, తరవాత ముక్కు చీదిన చప్పుళ్ళు, చివరికి సందు చూసి లోపలికి దూరిన సెమికోలన్ గొంతు వినిపించాయట. "అసలు ఆ తోట ఎక్కడికీ పోలేదు, నేను దాని నకలు ఒకటి..." అన్నాడు. అప్పుడు మాత్రం ఏడుగురూ ఆయన మీద పడి ఆ మాట పూర్తిచేయించారట. నకలు ఉంది. భద్రంగా ఉంది.

నేను అదేమీ చూడలేదు. అప్పటికే నా బల్ల దగ్గరికి పరిగెత్తాను.

బూడిద దళం ఎవరో నాకు తెలిసిపోయింది. వాళ్ళు అసలు సైనికులే కారు. తోటవాళ్ళు. గాలిలేని చంద్రుడి మీద నలభై ఏళ్ళు పచ్చదనం పెంచినవాళ్ళు. ఒకనాడు నగరానికి గాలి చాలక, నగరాధిపతి తోటకి వెళ్ళే గాలి గొట్టాన్ని మూసేశాడు. వాళ్ళకి ముందుగా చెప్పడానికి మొహం చెల్లలేదు. పొద్దున లేచి చూస్తే మొక్కలన్నీ బూడిద. ఆ బూడిదే వాళ్ళు ఒంటికి పూసుకున్నది. నగరం దక్కాలని అధిపతికి. తమని మనుషులుగా లెక్కపెట్టి ఒక్క మాట అడగాలని వాళ్ళకి. ఎవరిని కాల్చాలో ఇక రాసినవాడికే తెలీదు!

పెద్ద తుపాకులు ఎగిరిపోయాయి. తోట తిరిగొచ్చింది. కెప్టెన్ తుపాకీ దించి నిలబడితే సైనికుడు మాట్లాడేలా సెమికోలన్ కోడ్ మార్చాడు. బొమ్మల గదివాళ్ళు కోటలో ఎనిమిది మరుగుదొడ్లు కట్టి, ఒకదాని తలుపుకి ఎందుకక్క బొమ్మ వేశారు. అయిదో వారం చివర అక్క మొదటి తలుపు దగ్గర కూర్చుని, తుపాకీ దించి, ఆ సైనికుడు చెప్పిందంతా ఓపిగ్గా వింది. తరవాత ఫిర్యాదు మూతపడింది. ఈసారి మూసింది ఆవిడే.

రెండో ప్రదర్శనకి అదే నలభై మందిని పిలిచాం. మొదటి పావుగంట ఎప్పటిలాగే కాల్పులే. నేను గోళ్ళు కొరుక్కుంటున్నాను. ఇంతలో పళ్ళ డాక్టరుగారికి ఏం తోచిందో, కెప్టెన్ చేత తుపాకీ దింపించాడు. ఎదురుగా ఉన్న సైనికుడు కాల్చలేదు.

"అడగడానికి వచ్చినవాడివి నువ్వే మొదటివాడివి, కెప్టెన్" అన్నాడు సైనికుడు. "గాలి ఆపేస్తామని ముందు చెప్పి ఉంటే, చివరిసారి మొక్కలకి నీళ్ళు మేమే పోసేవాళ్ళం."

డాక్టరుగారు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "ఆగండి! ఎవరూ కాల్చకండి! తుపాకులు దించండి, వాళ్ళేదో చెప్తున్నారు!"

హాలు హాలంతా అటు తిరిగింది. ఒకరి తరవాత ఒకరు తుపాకులు దించారు. అరగంటలో నలభై మందీ రెండు పక్షాలైపోయారు. "గాలి లేకపోతే నగరమంతా చచ్చేది, ఆయన మాత్రం ఏం చేస్తాడండీ?" అని ఒకరు, "చేయొద్దన్నామా, చెప్పమన్నాం!" అని ఇంకొకరు. ఆట ముగిసినా ఒక్కరూ కదల్లేదు. మళ్ళీ మొదట్నుంచి పెట్టమన్నారు, ఈసారి ఇద్దరికీ సంధి కుదురుస్తామని. పంపిణీ ఆవిడ "నన్నొకసారి ఆడనివ్వండి" అని కూర్చుంది. గంటన్నర దాకా కుర్చీ ఖాళీ చేయలేదు. లేచాక ఒకటే మాట అంది: "తీసుకుంటున్నాం. తోటలో ఒక్క ఆకు కూడా మార్చొద్దు."

మేం అరిచిన అరుపుకి కింది అంతస్తువాళ్ళు భూకంపమనుకుని మెట్లు దిగారట. బాస్ బొమ్మల గది పెద్ద కాళ్ళ మీద పడబోతే ఆమె పట్టుకుని లేపింది. సెమికోలన్ "ఇది మన జీవితంలోనే..." అని ఏడ్చేశాడు.

సాయంత్రం ఆఫీసులో కేకు కోశాం. బాస్ నా భుజం మీద చెయ్యి వేసి పక్కకి తీసుకెళ్ళాడు.

"ఇప్పుడు చెప్పొచ్చనుకుంటా. మొదటి ప్రదర్శన అయిన రోజు నిన్ను తీసేద్దామనుకున్నాను. కొత్త రచయితతో మాట్లాడేశాను కూడా. ఎందుకక్కగారు వచ్చి 'ఎందుకు?' అంది. రెండు గంటలు, నాయనా! చివరికి ఎందుకో నాకే తెలీకుండా పోయింది. 'అతని చేత నేను రాయిస్తాను, రోజూ పక్కన కూర్చుంటాను. ఆరు వారాల్లో రాయకపోతే అతనితో పాటు నన్నూ పంపించెయ్' అంది. నీకు తెలిస్తే భయానికి చెయ్యి కదలదని, చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది."

నన్ను పీక్కు తినడానికి వచ్చిందనుకున్న మనిషి, రోజూ పదకొండింటికి నన్ను కాపాడటానికి వచ్చిందన్నమాట.

ఆవిడ కిటికీ దగ్గర నిలబడి, పళ్ళ డాక్టరుగారికి రెండో కేకు ముక్క పెడుతోంది. వెళ్ళి ఎదురుగా నిలబడ్డాను.

"అక్కా, నా కోసం నీ ఉద్యోగం ఒడ్డావా?"

"ఆ బాస్ నోట్లో నువ్వుగింజ నానదు" అని విసుక్కుంది. "ఏం చెయ్యమంటావ్? నువ్వు పోతే కొత్తవాడొస్తాడు. వాడు ఫిర్యాదు చూడగానే 'అవునండీ, తప్పేనండీ' అనే రకమైతే? నాకు పొద్దెలా పోతుంది?"

నేను నవ్వుతున్నానో ఏడుస్తున్నానో తేల్చుకునేలోపే, కేకు మీది క్రీము పువ్వు తీసి నా పళ్ళెంలో వేసింది. "తిను. ఆరు వారాల్లో సగమైపోయావు."

అంతలో "అక్క మాట్లాడాలి! అక్క మాట్లాడాలి!" అని అందరూ గోల మొదలుపెట్టారు. ఇద్దరు చేతులు పట్టుకుని ఆవిడని కుర్చీ ఎక్కించారు. పంపిణీ ఆవిడతో సహా అందరూ చప్పట్లు కొట్టి, నిశ్శబ్దంగా తలెత్తి చూశారు. ఎందుకక్క కొంగుతో కళ్ళజోడు తుడిచి పెట్టుకుని, మమ్మల్నందర్నీ ఒకసారి కలయజూసింది.

"అందరూ ముందు చేతులు కడుక్కోండి" అంది. "కీబోర్డులకి క్రీము అంటిందంటే, రేపు ఫిర్యాదు రాయాల్సింది నేను."